ఒకే నటుడు, పలు పాత్రలు: గొంతు కంటే ముందు అడుగు

ఒకే నటుడు ఒక రాత్రిలో రెండు మూడు పాత్రలు ధరించినప్పుడు, జవాబుపత్రాల్లో సాధారణంగా కనిపించే వాక్యం ఒకటుంది: ‘గొంతు మార్చి మెప్పించాడు.’ నేనూ చాలాకాలం అలాగే రాశాను. ఆ మాట మిమిక్రీకి సరిపోతుంది. నటనకు చాలదు.

మీలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు వారికి చక్రాయపేట మండలంలోని సురభి గ్రామం తెలిసే ఉంటుంది. 1885లో వనారస గోవిందరావు బృందం అక్కడ ‘కీచకవధ’ ప్రదర్శించడంతో సురభి నాటకం పుట్టింది. అంతకుముందు ఆ కుటుంబాల వృత్తి తోలుబొమ్మలాట. నాటక చరిత్రలో దీన్ని ఒక వాక్యంగా చదివి దాటేస్తాం. నటన గురించి చదివేటప్పుడు మాత్రం ఇక్కడ ఆగాలి.

తోలుబొమ్మలాటలో ఆటగాడు తెర వెనుక ఉంటాడు. రాముడికీ రావణుడికీ అతడే మాట ఇవ్వగలడు. అయితే అతని కాళ్ల కింద చెక్కలుంటాయి. పాత్ర నడకకు, యుద్ధానికి తగినట్టు వాటిని తొక్కుతాడు. చిన్నప్పుడు ప్రొద్దుటూరులో చూసిన ఆటలో నిద్రమత్తుతో కళ్లు మూతలు పడుతున్నా, వచ్చింది ఎవరో నాకు ఆ చప్పుడే చెప్పేది. (బంగారక్క వస్తే మాత్రం లేచి కూర్చునేవాళ్లం.) తెర ముందుకు వచ్చిన నటులు ఆ అడుగును కూడా వెంట తెచ్చుకున్నారని నా అభిప్రాయం.

ఇక వాచికం. భరతుడు స్వరానికి మూడు స్థానాలు చెప్పాడు: ఉరస్సు, కంఠం, శిరస్సు. వీటిని రాజుకు ఒకటి, సేవకుడికి ఒకటి అని పంచలేదు. దగ్గరివారితో ఉరస్సు నుంచి, కొంత దూరంలో ఉన్నవారితో కంఠం నుంచి, బాగా దూరంలో ఉన్నవారితో శిరస్సు నుంచి పలకాలన్నాడు. అంటే గొంతును నిర్ణయించడంలో ఎదుటి మనిషికీ పాలు ఉంది. హరికథ గమనించండి. వేషం మారదు. భాగవతార్ మెడ తిప్పిన వైపే రెండో పాత్ర నిలబడి ఉంటుంది. ఆ మనిషి అక్కడున్నాడని మనం నమ్మాకే మారిన గొంతుకు అర్థం వస్తుంది.

సురభి వారి ప్రసిద్ధ నాటకాల్లో ‘మాయాబజార్’ ఒకటి. అది చూసే వీలు లేకపోతే 1957 నాటి సినిమా చూడండి. శశిరేఖగా, మాయా శశిరేఖగా సావిత్రి ఒక్కరే. ముఖం అదే, కాబట్టి ఆహార్యం పెద్దగా సాయపడదు. ఎవరూ లేనప్పుడు ఘటోత్కచుడి నడక. ఎవరైనా రాగానే ఒళ్లంతా సిగ్గు. పెళ్లి సంబరం పాటలో మగగొంతు ఘంటసాలది. అది ఆమె నోటి నుంచే వస్తోందని మనం నమ్మేది ఆమె నిలబడిన తీరు వల్ల.

ఆ పాటను మొదట శబ్దం ఆపి చూడండి. తర్వాత కళ్లు మూసుకుని వినండి. పాత్ర ఏ క్షణంలో మారిందో రెండుసార్లూ రాసిపెట్టుకోండి. నా లెక్కలో ఒళ్లు కొంచెం ముందుగా మారుతుంది. మీ లెక్క వేరైతే జవాబులో మీ లెక్కే రాయండి.