పక్క సీటు చెప్పిన కథ

ప్రేమకథల సినిమాలు ఏ భాషలో తీస్తే ఆ భాషలోనే చూడాలన్నది నా పట్టుదల. ఆ భాష అంతంతమాత్రంగా వచ్చినా ఫరవాలేదు, పక్కన కూర్చున్నవాళ్లను అడిగి తెలుసుకుంటూ చూడాలి. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగువాళ్లం తరాల తరబడి చేస్తున్న పని ఇదే. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో తమిళం, సంతలో ఎదుటివాళ్లు కన్నడంలో పలకరిస్తే కన్నడం. బెంగళూరు హోసూరుకు 40 కిలోమీటర్లే. అయినా మా హాళ్లలో ఎక్కువగా ఆడేవి తమిళ సినిమాలే.

ఈ అలవాటు విలువేమిటో నాకు తెలిసొచ్చింది మణిరత్నం ‘మౌనరాగం’తో. 1986 ఆగస్టు 15న విడుదలై, తమిళంలో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకున్న సినిమా అది. ఇళయరాజా సంగీతం, పి.సి. శ్రీరామ్ కెమెరా. తెలుగులోకీ డబ్ అయింది కాబట్టి కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ప్రేమించిన మనోహర్ చనిపోయాక, ఇంట్లోవాళ్ల కోసం ఇష్టం లేకుండానే చంద్రకుమార్‌ను పెళ్లి చేసుకుని దివ్య ఢిల్లీ వెళ్తుంది. ఏం కానుక కావాలని భర్త అడిగితే విడాకులు కావాలంటుంది. పెళ్లయి ఏడాది నిండితే తప్ప అది కుదరదు. ఆ ఏడాదీ ఒకే ఇంట్లో ఎవరికి వాళ్లుగా గడపాలి.

చంద్రకుమార్ ఆమె కోసం వెండి పట్టీలు కొంటాడు. పట్టీలూ, విడాకుల కాగితాలూ ఆమె ముందుంచి, ఏది కావాలో తీసుకోమంటాడు. ఆమె కాగితాలే తీసుకుంటుంది. అతను బతిమాలడు, కోప్పడడు. తర్వాత ఎప్పుడో మనసు మారినప్పుడు, ఆ సంగతి నోటితో చెప్పలేక, అవే పట్టీలు తీసి కాళ్లకు పెట్టుకుంటుంది. ‘నువ్వంటే ఇష్టం’ అని ఇంతకన్నా గట్టిగా చెప్పిన సన్నివేశం నేను చూడలేదు.

ఈ సినిమా నేను మా అవ్వ పక్కన కూర్చుని చూశాను. అవ్వ కుప్పం వైపు పల్లె నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చిన మనిషి. తమిళం బేరమాడే వరకే వచ్చు. తెర మీద ఎవరు నోరు తెరిచినా “ఏమంటా ఉండాడు రా?” అని అడిగేది. అతను ముట్టుకుంటే గొంగళిపురుగు పాకినట్టుందని దివ్య అన్నప్పుడు ఆ మాట తెలుగులో చెప్పాను. “మొగుణ్ణి పట్టుకుని అట్లనేసిందా!” అని చాలాసేపు బాధపడింది. పట్టీల దగ్గరికి వచ్చేసరికి నన్నేమీ అడగలేదు. పైగా తనే నాకు చెప్పింది: “ఇప్పుడు వాడు బిగుసుకుంటాడు చూడు. దెబ్బ తిన్నోడు గదా.” అంతే జరిగింది. దివ్య దగ్గరవుతున్నకొద్దీ అతను దూరం జరుగుతాడు. గొంగళిపురుగు మాట నా నోట విన్న అవ్వ, ఆ మాట ఎంత లోతుకు దిగిందో నాకన్నా ముందే పట్టుకుంది. మాటలు నేను చెప్పాను, కథ అవ్వ చెప్పింది.

ఇందులో దర్శకుడి పనితనం చాలా ఉంది. మనోహర్ ప్రేమంతా మాటల్లో ఉంటుంది. హోటల్లో అందరి ముందూ దివ్య తండ్రిని ‘మిస్టర్ చంద్రమౌళి’ అని కేకేసే సీను ఎంత పేరు తెచ్చుకుందంటే, 2018లో అదే పేరుతో, మనోహర్‌గా చేసిన కార్తీకే నటించిన సినిమా వచ్చింది. ఆ అల్లరి రుచి తమిళంలోనే తెలుస్తుంది. చంద్రకుమార్ ప్రేమ మాట్లాడకుండా ఊరుకోవడంలో ఉంటుంది. దానికి భాష అడ్డం రాదు. రెండు రకాల ప్రేమనూ ఒకే కథలో పెట్టిన మణిరత్నం తొలి సినిమా తమిళం కాదు, కన్నడ ‘పల్లవి అనుపల్లవి’. చంద్రకుమార్‌గా చేసిన మోహన్ కూడా కన్నడం నుంచి వచ్చినవాడే. బాపు ‘తూర్పు వెళ్లే రైలు’లో మన హీరో. తమిళంలో అతనికి గొంతు అరువిచ్చింది గాయకుడు ఎస్.ఎన్. సురేందర్. దివ్యగా చేసిన రేవతిది కేరళ. ఇంతమంది ఇన్ని భాషల నుంచి వచ్చి చేసిన తమిళ సినిమాను తెలుగు అవ్వ చూసి అర్థం చేసుకోవడంలో వింతేముంది?

తమిళులు మన విషయంలో ఇదే చేశారు. 1978లో బాలచందర్ తీసిన ‘మరోచరిత్ర’ తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి కథ. డబ్బింగ్ లేకుండా తెలుగులోనే మద్రాసులో ఏడాదికి పైగా ఆడింది. టికెట్ కొన్నవాళ్లందరికీ తెలుగు వచ్చా? రానివాళ్లు వచ్చినవాళ్లను అడిగే ఉంటారు.

ఇప్పుడు ఆ అడగడమే తగ్గిపోతోంది. ఫోన్లో ఎవరికి కావలసిన భాష వాళ్లు పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూర్చుకుని, ఒకే ఇంట్లో ఒకే సినిమాను వేర్వేరుగా చూస్తున్నాం. మా సీమకు ఇది పెద్ద నష్టం. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతికి పెంచుకుంటూ పోయారు. మా పిల్లలకు తమిళం చక్కగా వస్తోంది, సంతోషమే. తెలుగు మాత్రం చాలామందికి మాటగానే మిగిలింది, అక్షరం దాకా రావడం లేదు. పెద్దలకు తెలుగు నిండుగా ఉంది, తమిళం అరకొరగా ఉంది. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర ఉంది. ఇచ్చిపుచ్చుకోవడానికి రెండున్నర గంటల ప్రేమకథ కన్నా మంచి చోటు నాకు కనబడలేదు.

అక్షరాలు నేర్పే పని బడిది, దానికోసం అడుగుతూనే ఉండాలి. ఇంట్లో చేయగలిగింది ఈ ఆదివారమే చేయొచ్చు. తమిళ సినిమాను తమిళంలోనే పెట్టి అందరూ ఒకచోట కూర్చోండి. పెద్దవాళ్లు మొహమాటపడకుండా అడగండి. పిల్లలు విసుక్కోకుండా తెలుగులో చెప్పండి. మాట దొరక్క తడుముకుంటే పెద్దలే అందిస్తారు. అలా అందిన మాటలు పిల్లలు మరిచిపోరు.