అవతారాలూ, అస్థిపంజరాలూ

దశావతారాల్లో జీవపరిణామాన్ని చూపించటం మన పండితులకు కొత్త విద్య కాదు. 1882లోనే కేశవచంద్రసేన్ ఆ పోలిక తెచ్చారు. అప్పటికది పోలిక మాత్రమే. 2019 జనవరిలో, 106వ భారత సైన్సు కాంగ్రెసులో, ఆంధ్ర విశ్వవిద్యాలయం నాటి ఉపకులపతి నోట అది డార్విన్ సిద్ధాంతాన్ని మించిన సిద్ధాంతమై కూచుంది. ఆయన రసాయనశాస్త్ర ఆచార్యులు కూడాను!

నవ్వి వూరుకోవచ్చు. కాని 2023లో జాతీయ పదో తరగతి పాఠ్యపుస్తకంలో పరిణామ పాఠాన్ని తీసివేశారు. ఇక దొంకేశ్వర్ బడిలో ఒక పిల్లవాడు లేచి, "ముందు చేప, తర్వాత తాబేలు, అన్నీ మనవాళ్ళు చెప్పినవే కద సార్!" అంటే, ఉపాధ్యాయుడి నవ్వు జవాబు కాదు.

జవాబు పురాణంలోనే వుంది. అవతారమంటే దిగిరావటం. కూర్మం మత్స్యానికి పుట్టలేదు. నరసింహుడికి వరాహం తాత కాదు. ఒక్కొక్క అవతారం సంపూర్ణంగా వస్తుంది, పని ముగించి వెళుతుంది, ఎన్నడూ ఓడదు. సంతానక్రమమే లేని వరసను పరిణామమనటం సైన్సుకే కాదు, పురాణానికీ అపచారమే. దాన్ని కావ్యంగా చదవటం చేతగానివాళ్ళు చేసే పని యిది.

దొంకేశ్వర్ వైపు నుంచి సాగే గోదావరే కాళేశ్వరం వద్ద ప్రాణహితను కలుపుకుంటుంది. ఆ లోయలో, సుమారు 22 కోట్ల యేళ్ళ నాటి మలేరి రాళ్ళలో, కొక్కెం మూతి సరీసృపం హైపరోడపెడాన్ ఎముకలున్నాయి. దాని వంశం నిర్వంశమయింది. ఏ అవతారంలో దానికి చోటు? ఓడినవాళ్ళ చరిత్ర పురాణానికి అక్కరలేదు. శిలాజశాస్త్రంలో సగం చరిత్ర వాళ్ళదే.

మహలనోబిస్ ఆహ్వానంపై పమేలా రాబిన్సన్ 1957లో కలకత్తా గణాంక సంస్థలో భూవిజ్ఞాన పరిశోధనకు పునాది వేశారు. ఆ బృందం కోట రాళ్ళలో తవ్వి తీసిన మహాజంతువుకు 1975లో బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బరపా అంటే పెద్దకాలు. టాగోరు పేరు 1961 శతజయంతికి గుర్తు. కనీసం ఆరు జంతువులవి, సుమారు 300 ఎముకలు దొరికాయి. పళ్ళు దొరికాయి. పుర్రె దొరకలేదు! యాదగిరి 1988లో వర్ణించిన మన కోటాసారస్‌దీ అదే గతి. ఆ లోటును శాస్త్రజ్ఞులు దాచలేదు, తమ వ్యాసాల్లోనే రాసుకున్నారు. అవతార సిద్ధాంతంలో మాత్రం ఒక్క ఎముకా తక్కువ కాదు. అనుమానించవలసింది అక్కడే.

అయితే మనవాళ్ళు చేస్తున్నదేమిటి? మన కరపత్రాల్లోనూ కోతి నుంచి మనిషి దాకా వరసగా నడిచివచ్చే ఆ బొమ్మే వేస్తున్నాం. అది నిచ్చెన, డార్విన్ చెప్పింది కొమ్మలు. ఆర్మూరు రైతుకు యిది చెప్పనక్కరలేదు: పసుపు మండ నుంచి కొమ్ములు పక్కలకు చీలతాయి గాని, ఒకదాని నెత్తిన ఒకటి యెక్కవు. అభ్యుదయం ముందే రాసిపెట్టి వుందనే మన నమ్మకమే ఆ బొమ్మ గీయిస్తున్నది. అందులో అవతారాల వాసన లేదా?

హైదరాబాదు బిర్లా మ్యూజియంలో కోటాసారస్ నిలబడి వుంది. పిల్లలను తీసుకుపోండి. దాని తల యెక్కడిదని అడగనివ్వండి.