అనిమేకు ముందు నిమ్మలకుంట

అనిమే చూడాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని కాలేజీ పిల్లలు అడిగేవారు. డీమన్ స్లేయర్ అనే అనిమే తెలుగు మాటలతో సినిమా హాళ్ళకు వచ్చాక వాళ్ళ అమ్మానాన్నలు కూడా అడుగుతున్నారు. నేను మొదట చెప్పేది ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట పేరు. అక్కడివాళ్ళు ఆడే తోలుబొమ్మలాటను ఒకసారి తెర ముందు, ఇంకోసారి తెర వెనక కూర్చుని చూస్తే, ఆ తర్వాత ఏ జపాన్ బొమ్మల సినిమా చూసినా కన్ను వేరేగా పనిచేస్తుంది. బొమ్మ ఎంత అందంగా ఉందన్నది పక్కకు పోతుంది. ఏది కదిలించారు, ఏది కదిలించకుండా వదిలేశారు, ఎందుకు వదిలేశారు అన్నది పట్టుబడుతుంది. నాకు ఇష్టమైన అనిమేలను ఇక్కడ ఆ లెక్కనే ఎంచాను.

నిమ్మలకుంట మొన్నటిదాకా అనంతపురం జిల్లాలోది. 2022లో జిల్లాలు విడదీశాక శ్రీసత్యసాయి జిల్లా అయింది. జిల్లా పేరు మారినా కరువు మారలేదు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే వాన, అదీ అదునుకు పడితేనే. వేరుశనగ చేతికి రాని ఏడు గొర్రెలూ మేకలే ఇల్లు నడుపుతాయి. బొమ్మకు తోలు ఇచ్చేదీ ఆ మేకే. వెనకటికి దేవుళ్ళ బొమ్మలకు జింక తోలు వాడేవారు. వన్యప్రాణుల చట్టం వచ్చాక అది పోయింది. ఇప్పుడు రాముడైనా రావణుడైనా మేక తోలే.

ఆడేవాళ్ళు మరాఠా దేశం నుంచి దిగివచ్చిన కుటుంబాలు. ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ యాస, తెర మీద నడిచేది అచ్చ తెలుగు ద్విపద. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణమే వీళ్ళకు ఆధారగ్రంథం. 13వ శతాబ్దంలోనే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో బొమ్మలాటల ప్రస్తావన తెచ్చాడు కాబట్టి, ఈ ఆట తెలుగువాళ్ళకు కొత్తగా వచ్చిపడింది కాదు. ఈ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ వార్తతోనే చాలామందికి నిమ్మలకుంట అనే ఊరొకటుందని తెలిసింది.

ఇక పనితనం. పచ్చి తోలును వేడినీళ్ళలో ముంచి, వెంట్రుకలు, లోపల అంటుకున్న కండా కొవ్వూ గీకి తీసేస్తారు. తర్వాత నాలుగు వైపులా లాగి బిగించి ఎండబెడతారు. ఎండిన తోలు పలచబడి, వెనక దీపం పెడితే వెలుగును తనలోంచి పోనిస్తుంది. దాని మీద మొనతో గీత గీసి నల్లసిరాతో దిద్దుతారు. పెద్ద బొమ్మ నిలువున నాలుగు నుంచి ఆరడుగులు ఉంటుంది కనుక ఒక్క మేక తోలు చాలదు. తలకొకటి, ఒంటికొకటి, చేతులకొకటి అని ముక్కలు ముక్కలుగా చేసి కీళ్ళ దగ్గర దారంతో ముడి వేస్తారు.

ఆ తర్వాత ఉలి పని మొదలవుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. తోలును చెక్క మీద పరిచి, చిన్న చిన్న ఉలులతో చుక్కలు, నెలవంకలు, గళ్ళు కొడుతూ పోతారు. సీత బొమ్మను చేతిలోకి తీసుకుని పగటి వెలుగులో చూడండి, మెడలో హారం ఉండాల్సిన చోట వరస రంధ్రాలు తప్ప ఏమీ కనబడవు. అదే బొమ్మను రాత్రి దీపం ముందు పెట్టండి. తోలు లేనిచోట దీపం సూటిగా కంటికి తగిలి, హారం మెరుస్తుంది. కిరీటంలో రవ్వలు, వడ్డాణం, చీర అంచు అన్నీ ఇలా తొలిచినవే. నగ పెట్టడానికి తోలు తీసేయాలని మొదట ఎవరికి తోచిందో గాని, వాళ్ళకు దణ్ణం పెట్టాలి.

రంగు రెండు వైపులా పూస్తారు. ఒకప్పుడు ఆకులు, బెరడుల నుంచి తీసిన రంగులు, ఇప్పుడు అంగట్లో కొన్న సిరాలు. రెండు వైపులా ఎందుకంటే, చాలా బొమ్మలకు ముఖం పక్కకు తిరిగి ఉంటుంది. రాముడు ఎడమకు చూస్తూ మాట్లాడి, కుడికి తిరగాలంటే ఆటగాడు పుల్లను గిర్రున తిప్పేస్తాడు. అదే తోలు, అవతలి వైపు ముఖం. పక్కకు తిరిగిన ఆ ముఖమూ, విప్పారిన ఆ పెద్ద కన్నూ అదే జిల్లాలోని లేపాక్షి గుడి పైకప్పు చిత్రాల్లోనూ కనిపిస్తాయి. అనిమేలో కళ్ళు అంత పెద్దవేమిటని నవ్వేవాళ్ళు ఒకసారి లేపాక్షి వెళ్ళి తలెత్తి చూస్తే మంచిది.

జపాన్‌లోనూ కంప్యూటర్లు రాకముందు ఇలాంటి పనే నడిచింది. పారదర్శకమైన రేకు మీద ముందువైపు గీత గీసి, వెనకవైపు రంగు పూసి, కెమెరా కింద పెట్టి ఒక్కో చట్రం తీసేవారు. ఇంకా దగ్గరి చుట్టరికం కావాలంటే జర్మనీకి వెళ్ళాలి. లోటె రైనిగర్ అనే ఆమె నల్ల అట్టను, పలచని సీసపు రేకును కత్తిరించి, కీళ్ళకు తీగ కట్టి, కింద దీపం పెట్టిన గాజుబల్ల మీద పరిచి, 1926లో ప్రిన్స్ అఖ్మద్ సాహసాల కథను సినిమాగా తీసింది. ఇప్పటికి దక్కిన పూర్తినిడివి బొమ్మల సినిమాల్లో అన్నిటికన్నా పాతది అదే. అనిమే కాకపోయినా నా చిట్టాలో దానికి చోటుంది. తోలుబొమ్మలాట తెలిసినవాళ్ళకు అందులో అర్థం కానిదంటూ ఉండదు.

మళ్ళీ తెర దగ్గరికి వద్దాం. తెల్లని వస్త్రం బిగించి కడతారు. వెనక ఆముదం దీపాలు వరసగా వెలిగేవి. తర్వాత పెట్రోమాక్స్ వచ్చింది, ఆ తర్వాత కరెంటు బల్బు. బల్బుతో వెలుగు పెరిగింది గాని ఒకటి పోయింది. ఆముదం దీపం గాలికి ఊగితే తెర మీది బొమ్మ ఊపిరి తీస్తున్నట్టుండేది. బల్బు ముందు అదే బొమ్మ బిగుసుకుపోతుంది. బొమ్మను తెరకు అదిమి పట్టుకుంటే గీత గీతా తేటగా కనిపిస్తుంది. దీపం వైపు వెనక్కి జరిపితే నీడ పెరిగి చెదిరిపోతుంది. మాయం కావాల్సిన రాక్షసుడు అలాగే మాయమవుతాడు. హనుమంతుడికి ఒక్క బొమ్మ కాదు, చిన్నదీ పెద్దదీ విడివిడిగా ఉంటాయి. లంకకు ఎగిరేది ఒకటి, సీతమ్మ ముందు ఒళ్ళు పెంచేది ఇంకొకటి. యుద్ధం వస్తే కాళ్ళ కింద చెక్క పలకలను దబదబా తొక్కుతారు. మద్దెల, తాళాలు, హార్మోనియం సరే, అసలు యుద్ధమంతా ఆ పలకల్లోనే ఉంటుంది.

మాట్లాడని బొమ్మలను ఏం చేస్తారు? కొలువులో నలుగురు ఉన్నారు, మాట్లాడేది ఒక్కరే. మిగతా ముగ్గురినీ ముళ్ళతో తెరకు గుచ్చి నిలబెడతారు. ఆటగాడి చేతులు రెండే కదా. కదిలే బొమ్మలోనూ ఒళ్ళంతా కదలదు. ఒక చేయి లేస్తుంది, మోచేయి మడుస్తుంది, అంతే. మిగతాది గొంతు చూసుకుంటుంది. ఆడపాత్రలకు ఆ ఇంటి ఆడవాళ్ళే పాడతారు. రావణుడు కదలకుండా నిలబడి, ఒక్క చేయి ఎత్తి, పద్యం అందుకుంటే చూసేవాడు వణికిపోతాడు.

1963 జనవరి 1న ఒసాము తెజుకా ఆస్ట్రో బాయ్‌ను జపాన్ టీవీకి ఎక్కించినప్పుడు ఆయనకు వచ్చిన ఇబ్బందీ ఇదే. వారానికో భాగం ఇవ్వాలి, డబ్బు తక్కువ, చేతులు తక్కువ. ఒళ్ళు నిలిపేసి నోరు మాత్రం కదిలించారు. ఒకసారి గీసిన కదలికను దాచిపెట్టి మళ్ళీ మళ్ళీ వాడారు. పేదరికంలో పుట్టిన ఈ పద్ధతి తర్వాత అనిమేకు శైలి అయి కూర్చుంది. అమెరికా బొమ్మల సినిమాల్లో జుట్టు నుంచి బూటు దాకా అన్నీ ఊగుతుంటాయి. అనిమేలో మనిషి నిలబడిపోతాడు, గాలి వీస్తుంది, చొక్కా అంచు ఒక్కటే ఆడుతుంది. లేమిలో పుట్టిన కళ కదలికను పొదుపుగా ఖర్చు చేస్తుందని నా నమ్మకం. అనంతపురం కరువుకూ, యుద్ధంలో కాలిపోయి లేచిన జపాన్‌కూ ఉన్న పోలిక అక్కడే.

ఈ పొదుపు శిఖరానికి చేరిన చోటు ఇసావో తకహతా 2013లో తీసిన ప్రిన్సెస్ కగుయా కథ. నన్నడిగితే అన్ని అనిమేల్లోకీ అదే ముందు. వెదురు బొంగులో దొరికిన పాప, పెంచిన ముసలి దంపతులు, పట్నంలో మేడ, పెళ్ళి అడగడానికి వచ్చిన దొరలు. బొమ్మలన్నీ కుంచె గీతలు, పలచని నీటిరంగులు. తెరలో చాలా భాగం రంగు లేకుండా తెల్లగా వదిలేశారు. విందులో ఆమె మనసు విరిగి మేడ వదిలి పరిగెత్తే ఘట్టం చూడండి. అప్పటిదాకా తీరుగా ఉన్న గీతలు బొగ్గుతో బరికినట్టు మొరటుగా మారతాయి. పట్టు వస్త్రాలు ఒక్కొక్కటే ఊడి వెనక పడతాయి. ముఖం ముఖంలా ఉండదు, రెండు మూడు బరుకులు మిగులుతాయి. ఏడుపు చూపించకుండా ఏడిపించారు.

దర్శకుడు మియజాకీ తీసిన స్పిరిటెడ్ అవే పేరు అందరికీ తెలుసు. 2001లో వచ్చింది, 2003లో ఆస్కార్ అందుకుంది. దాన్ని దయ్యాల స్నానశాల కోసం చూస్తారు. నేను రైలు ఘట్టం కోసం చూస్తాను. నీళ్ళ మీద పట్టాలు, పెట్టెలో ఒక చిన్నపిల్ల, చుట్టూ టోపీలు పెట్టుకుని సంచులు పట్టుకున్న ప్రయాణికులు. వాళ్ళందరూ వెలుగు దూరే నీడలు. మాటల్లేవు. స్టేషను వస్తే దిగిపోతారు. తోలుబొమ్మ చూసిన కన్ను అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది.

తెలుగువాళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోని సీరియల్ ఒకటుంది, 1997 నాటి రెవల్యూషనరీ గర్ల్ ఉతెనా. కథ నడుస్తుండగా భాగం భాగానికీ నీడబొమ్మల్లా ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు గోడ మీద ప్రత్యక్షమై, ఏదో పిచ్చి ప్రహసనం ఆడి వెళ్ళిపోతారు. కథకు సంబంధం లేనట్టే ఉంటుంది, తీరా చూస్తే కథనే ఎత్తిపొడుస్తుంటుంది. మన తోలుబొమ్మలాటలో నవ్వించే పాత్రలు జుట్టుపోలిగాడు, బంగారక్క, మధ్యలో దూరే కేతిగాడు చేసే పని ఇదే కదా! లక్ష్మణుడు మూర్ఛపోయి ఊరంతా కన్నీళ్ళు పెట్టుకుంటుంటే మొగుడూపెళ్ళాల తగవుతో తెర మీదికి ఊడిపడతారు. ఊరి పెద్దలను, పన్నులను, ధరలను, దేన్నీ వదలరు. బూతూ ఉంటుంది. ప్రభుత్వ ఉత్సవాల్లో ఆ భాగం కోసేసి అరగంట రామాయణం ఆడిస్తుంటారు. ఉప్పు తీసేసిన కూర అది.

పాత కళ బతకాలా, తనతోనే పోవాలా అన్న ప్రశ్నను నేరుగా పట్టుకున్న సీరియల్ షోవా గెన్రోకు రకుగో షింజూ. 2016లో మొదటి విడత, 2017లో రెండోది. రకుగో అంటే మెత్త మీద మోకాళ్ళపై కూర్చుని, చేతిలో ఒక విసనకర్ర, ఒక గుడ్డ పెట్టుకుని ఒక్కరే అన్ని పాత్రలూ పలికే కథాకళ. అదే విసనకర్ర కత్తి అవుతుంది, కలం అవుతుంది. జైలు నుంచి విడుదలైన కుర్రాడు శిష్యుడిగా చేర్చుకోమని గురువు కాళ్ళు పట్టుకుంటాడు. గురువుకు ఆ కళను తనతోపాటు చంపేసుకోవాలని ఉంది. బొమ్మల పెట్టె ఉన్న ప్రతి ఇంట్లో ఇప్పుడు ఈ తగువు జరుగుతూనే ఉంది. గొడవలు, పోరాటాలు లేని అనిమే కావాలన్నవాళ్ళకు నేను ముందు దీన్నే చెబుతాను.

రామాయణాన్ని జపాన్‌వాళ్ళు గీశారని చాలామందికి ఈమధ్యనే తెలిసింది. యుగో సాకో, కోయిచి ససాకి, మన రామ్‌మోహన్ కలిసి తొంభైల మొదట్లో పూర్తిచేసిన రామాయణ, ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ 2025 జనవరిలో తెలుగుతో సహా హాళ్ళకు వచ్చింది. పిల్లలకు తప్పక చూపించాల్సిందే. నా ఫిర్యాదు ఒక్కటే. అందులో కేతిగాడు లేడు.

దర్శకుడు షింకాయ్ తీసిన వెదరింగ్ విత్ యూ మన దేశానికి రావడానికి అభిమానులు సంతకాల ఉద్యమమే నడిపారు. 2019 అక్టోబరులో వచ్చింది. ఎడతెగని వానల్లో తడిసే టోక్యోలో, ప్రార్థించి ఎండ రప్పించే అమ్మాయి కథ. అనంతపురంవాడు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఇక్కడ వాన కోసం విరాటపర్వం ఆడించడం ఆచారం, బొమ్మలాటవాళ్ళను పిలిపించేదీ చాలాసార్లు అందుకే. అయినా చూడండి. అద్దం మీద చినుకు జారడాన్ని ఇంత ఓపికగా గీసిన సినిమా నాకు ఇంకొకటి తెలియదు.

డీమన్ స్లేయర్ గురించి చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు. 2025 సెప్టెంబరులో వచ్చిన ఇన్ఫినిటీ కాసిల్ పెద్ద తెర మీద చూడదగ్గదే. కత్తి తిప్పినప్పుడు లేచే అల పాత జపాన్ చెక్కముద్రల అల. ఆ ఒక్కటి చాలు. కాకపోతే అన్నీ ఒకేసారి కదులుతాయి, కన్నుకు విశ్రాంతి ఉండదు. ముల్లుతో తెరకు గుచ్చాల్సిన బొమ్మలు అందులో చాలా ఉన్నాయి.

నిమ్మలకుంటలో ఇప్పుడు ఆటకన్నా అమ్మకం ఎక్కువ. అదే తోలు, అదే ఉలి, అవే రంగులతో లాంప్‌షేడ్లు, గోడ బొమ్మలు, తలుపు తోరణాలు చేస్తున్నారు. వాటితోనే ఇళ్ళు గడుస్తున్నాయి కనుక తప్పుపట్టే హక్కు మనకు లేదు. కాని లాంప్‌షేడు మీది హనుమంతుడికి మోచేయి మడవదు, పద్యం రాదు. కీలు కట్టడం, పుల్ల తిప్పడం, ద్విపద పాడటం ఆట ఆడితేనే నిలుస్తాయి. అటు వెళ్ళినప్పుడు లాంప్‌షేడు కొనండి. దాంతోపాటు మీ ఊరి జాతరకో, మీ బడి వార్షికోత్సవానికో ఒక పూర్తి రాత్రి ఆటకు మాట్లాడుకుని, బయానా ఇచ్చి రండి. బంగారక్కను తప్పకుండా తీసుకురమ్మని చెప్పండి.