పటంలోని పశువు: శంషాబాద్ పరిసరాల కుటుంబ ఛాయాచిత్రాల పఠనం

కుటుంబ ఛాయాచిత్రం తెలుగు విమర్శ పరిధిలోకి ఆలస్యంగా అడుగుపెట్టిన పాఠం. కైఫీయతుకు, ఆత్మకథకు దక్కిన శ్రద్ధ గోడకు వేలాడే పటానికి అంతగా దక్కలేదు. దక్కిన చోటనైనా చూపు మనుషుల మీదనే నిలిచింది. ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలుచున్నారు, పెద్దకొడుకు చెయ్యి ఎవరి భుజం మీద ఉన్నది అన్నవే ప్రశ్నలు. అదే పటంలో ముకుతాడుతో నిలబడిన కోడె, దుడ్డెను నాకుతున్న బర్రె, పిల్లవాని చంకలో బిగుసుకున్న మేకపిల్ల నేపథ్యంగా మిగిలిపోయాయి. వ్యవసాయ గ్రామాలు ఒక తరం కాలంలోనే విమానాశ్రయ నగరంగా మారిన శంషాబాద్ ప్రాంతంలో ఈ ఉపేక్ష వల్ల కలిగే నష్టం పెద్దది.

ఈ ఊరి పేరులోనే ఒక జంతువు నీడ ఉన్నది. శంషాబాద్ పేరు పాయగా ప్రభువుల షమ్స్-ఉల్-ఉమ్రా బిరుదు నుండి వచ్చిందని చెబుతారు. నిజాం అశ్వికదళాన్ని పోషించిన ఈ వంశానికి పేరైన పారశీక పదానికి గుర్రపుశాల అనే అర్థమూ ఉన్నది. తెలుగులో ‘పాగా వేయు’ అనే పలుకుబడిని వాడేవారికి దాని వెనుక గుర్రాల సకిలింపు వినిపించదు. పటాల విషయంలో జరిగినదీ ఇంచుమించు ఇదే.

నిజాం రాజ్యంలో మనిషినీ జంతువునూ ఒకే చట్రంలో నిలిపే రీతికి ప్రసిద్ధమైన నమూనా వేట చిత్రం. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా లాలా దీన్‌దయాళ్ (1844–1905) తీసిన వేట చిత్రాలలో 1902 నాటి కర్జన్ దంపతుల పటం అందరూ ఎరిగినదే. మనుషులు నిటారుగా నిలుస్తారు, పులి పాదాల ముందు పడి ఉంటుంది. మనుషులకు పేర్లూ బిరుదులూ ఉంటాయి, పులికి మిగిలేది కొలత. మరణించినది గనుక అది కదలదు. బతికిన జంతువు కెమెరాకు అంత సులువుగా లొంగదు.

రైతు ఇంటి పటం దీనికి భిన్నమైన వ్యాకరణం గలది. గత శతాబ్దపు నడిమి దశకాల తరువాత, మనదేశంలోనే తయారైన అగ్ఫా క్లిక్ 3 వంటి చవక పెట్టె కెమెరాలు మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చాయి. ఒక రీలుకు పన్నెండు చదరపు బొమ్మలు, షట్టరుకు ఒకటే వేగం. పట్నంలో కొలువుచేసే బంధువు పండుగకు అటువంటి కెమెరాతో ఊరికి వస్తే, పన్నెండింటిలో ఒకటి ఎడ్ల కోసం ఖర్చుచేయడం చిన్న నిర్ణయం కాదు. ఆ పటాలలో మనుషులు శ్వాస బిగబట్టి నిలుస్తారు. పశువు నిలవదు. తోక, చెవి, దవడ మసకబారుతాయి. దీనిని సాంకేతిక లోపమని తోసివేయడం తొందరపాటు. చట్రంలో ఉన్నవారందరిలో భంగిమకు ఒప్పుకోనిది పశువు ఒక్కటే. ఆ మసకే ఆనాటి గాలికి, ఈగలకు, నెమరుకు సాక్ష్యం.

ఇటువంటి పటాన్ని చదవడానికి కళాచరిత్ర పరిభాష చాలదు, సేద్యపు పదసంపద కావాలి. కాడి కింది ఎడ్లలో ఎడమది దాపట, కుడిది వలపట. ఆ నిర్ణయం వెనుక నుండి, దున్నేవాని చూపు నుండి జరుగుతుంది. కెమెరా ఎదుటి నుండి చూస్తుంది గనుక దాపటి ఎద్దు చూసేవారి కుడివైపున కనిపిస్తుంది. పైగా నెగటివు తిరగబడి అచ్చయి ఉండవచ్చు. అప్పుడు చొక్కా జేబు ఏ వైపున ఉన్నదో చూడాలి. పైటను నమ్మడానికి లేదు, కుడిపైట వేసే కుటుంబాలూ ఉన్నాయి కదా. ఈ చిన్న లెక్క తప్పితే, ముసలి రైతు చెప్పే మాటకూ పటానికీ పొంతన కుదరదు, పరిశోధకుడు ఆయన జ్ఞాపకాన్నే శంకిస్తాడు.

రంగుల సమస్య ఇంకా లోతైనది. నలుపు తెలుపుల పటంలో పుల్లావుకూ మైలావుకూ తేడా నశిస్తుంది. రెండూ ఒకే బూడిద వన్నెకు దిగుతాయి. బొల్లి మాత్రం దక్కుతుంది, మొగం మీది తెల్లమచ్చ ఏ ఫిల్మునైనా గెలుస్తుంది. అంటే పటం పోగొట్టినదానిని భాష దాచి ఉంచింది. ‘ఇది మన పుల్లెద్దు’ అని ఇంటివారు అన్న క్షణంలో పటానికి రంగు తిరిగివస్తుంది. ఆ మాట వ్రాసిపెట్టనినాడు పటం సగమే భద్రమైనట్లు.

స్త్రీల విషయమూ గమనింపదగినది. 1892లో దీన్‌దయాళ్ హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. అక్కడ నిర్వహణ ఒక ఆంగ్ల మహిళది, గోడలు ఎత్తైనవి. బర్రె పక్కన నిలుచున్న రైతు స్త్రీకి గోడ లేదు, అలంకరణ తెరా లేదు. పాలమ్మి కూడబెట్టిన డబ్బుపై ఆమెకున్న అధికారం ఆ నిలబడిన తీరులో కొంత చదువుకోవచ్చు. కొంతే, ఎందుకంటే కెమెరా ఎవరి చేతిలో ఉన్నదో పటం చెప్పదు.

గొర్రెల కాపరి పటం మరో చిక్కు తెస్తుంది. మంద చట్రంలో పట్టదు. పట్టినా ఏ గొర్రె ఏదో తెలియదు. కాని కురుమ పెద్ద భుజం మీద గొంగడి ఉన్నదంటే, ఆ చట్రంలో దక్కనీ నల్లగొర్రె ఉన్నట్లే. ఉన్ని గొర్రెలు తగ్గి మాంసపు జాతులు పెరిగిన తరువాత తీసిన పటాలలో గొంగడి బదులు దుకాణపు రగ్గు కనబడడం ఒక ఆర్థిక చరిత్ర. కాపరికీ మందకూ ఉన్న బంధాన్ని చిత్రించడం తెలుగునేలకు కెమెరా నేర్పినది కాదు. పశువుల కోసం ప్రాణమిచ్చిన వీరుల రాళ్లున్నాయి. పుల్లరి వివాదం యుద్ధంగా మారిన కాటమరాజు కథను మందహెచ్చులవారు బొమ్మలతో, పటాలతో గొల్లలకు చెప్పేవారు. ‘పటం’ అన్న మాటే కథకుని చుట్ట నుండి గోడమీది చట్రానికి వచ్చింది. చుట్టలోని పటానికి కథకుడు ఉండేవాడు. చట్రంలోని పటానికి ఇంటిపెద్ద ఉంటాడు, ఆయన ఉన్నంత వరకు.

పాశ్చాత్య సిద్ధాంతం ఇక్కడ కొంతదూరమే తోడువస్తుంది. రోలాఁ బార్త్ తన తల్లి బాల్యపటం గురించి దీర్ఘంగా వ్రాసి, ఆ పటాన్ని మాత్రం పుస్తకంలో అచ్చువేయలేదు. పరాయివారికి అది ఒక సాధారణ చిత్రమే అవుతుందని ఆయన భావన. ఇది మన పటాలకు సరిపోతుంది. నిత్యజీవితం నుండి జంతువులు తొలగిపోయిన కొద్దీ వాటి బొమ్మలు పెరిగాయన్న జాన్ బర్జర్ వాదం మాత్రం యథాతథంగా సరిపోదు. ఆయన చెప్పిన ఎడబాటు ఐరోపాలో పలు తరాల మీద జరిగింది. ఇక్కడ పగ్గం పట్టిన చేయి ఇంకా బతికే ఉన్నది.

2008 మార్చి 23న విమానాలు బేగంపేట నుండి శంషాబాద్‌కు మారాయి. సుమారు 5,500 ఎకరాల విమానాశ్రయ భూమి, దాని చుట్టూ రహదారులు, గిడ్డంగులు, హోటళ్లు వచ్చాయి. జంట జలాశయాల రక్షణకై 1996లో వచ్చిన 111 జీవో పరిధిలోని గ్రామాలలో మార్పు కొంత నెమ్మదించింది, అక్కడ కొట్టాలు ఎక్కువకాలం నిలిచాయి. గొల్లపల్లి పేరులో గొల్లలు మిగిలారు. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టినప్పుడు దేవుని పటం ముందుగా తరలుతుంది, పెళ్లి పటం తరువాత. ఎడ్ల పటం పాత ట్రంకుపెట్టెలోకి పోతుంది.

ఇప్పుడు మనుమలు వీటిని సెల్‌ఫోనుతో తిరిగి ఫొటో తీసి దాచుకుంటున్నారు. మంచిదే. అయితే అలా తీసేటప్పుడు అంచులు కత్తిరిస్తారు, ముఖాలు నడిమికి వస్తాయి, ఎద్దు మూపురం దగ్గర తెగిపోతుంది. వెనుక అట్టమీద పెన్సిలుతో వ్రాసిన మాట అసలు రాదు. విశ్వవిద్యాలయాలు చేపట్టే సేకరణ పట్టికలలో ‘చిత్రంలోని వ్యక్తులు’ అన్న గడి సాధారణంగా ఉంటుంది. దాని పక్కన పశువు పేరు, వన్నె, పండ్లు, ఈతలు, దాపటో వలపటో, ఏ సంతలో కొన్నదో, ఎవరికి అమ్మినదో వ్రాసే గడులు చేర్చడానికి అదనపు వ్యయమేమీ లేదు. కావలసింది ఆ పటాన్ని చేతికిచ్చి, ఇంటిపెద్ద కళ్లద్దాలు తుడుచుకునే వరకు ఆగడం.