ఎడమ కాలి లెక్క

పోల్ వాల్ట్ దగ్గర అఫీషియల్‌గా కూర్చునేవాడికి పైకి చూసే పని తక్కువ. బార్ పడిందో నిలిచిందో గ్యాలరీలో పల్లీలు తింటున్నవాడికీ కనిపిస్తుంది. తెల్లజెండానో ఎర్రజెండానో ఎత్తడానికి పెద్ద విద్య అక్కర్లేదు. నా కళ్లు ఎప్పుడూ కిందే ఉంటాయి. పరుగు చివర ఎడమ కాలు ఎక్కడ పడుతోంది? కుడిచేతి వాటం వాళ్లకు ఎగిరే కాలు ఎడమదే. పోల్ పట్టుకున్న కుడి చెయ్యి నిటారుగా పైకి లేచిన క్షణంలో ఆ కాలు సరిగ్గా దాని కింద ఉండాలి. జానెడు ముందుకు పడిందంటే నడుం వెనక్కి విరుచుకుపోతుంది, భుజం లాగేస్తుంది, పోల్ ముక్కుతూ లేస్తుంది.

బడిలో పీఈటీగా ఉన్న రోజుల నుంచీ జూనియర్ మీట్లలో ఈ కుర్చీ నాదే. రిటైరయ్యాక ఆదివారాలన్నీ దీనికే పోతున్నాయి. మా ఆవిడ మాటల్లో అయితే తగలబడుతున్నాయి. ఇన్నేళ్లలో పట్టుబడిన విద్య ఒకటే: ఏ పిల్లకు, ఏ పిల్లాడికి దెబ్బ ఉందో పేరు పిలవకముందే చెప్పగలను. పరుగుకు వెళ్లేటప్పుడు ఎవరూ కుంటరు. దూకి, మ్యాట్ దిగి, పోల్ భుజాన వేసుకుని తిరిగి వచ్చేటప్పుడు కుంటుతారు. అప్పటికి అందరి కళ్లూ తర్వాతి వాళ్ల మీద ఉంటాయని వాళ్ల ధీమా.

మన ఊళ్లలో ఒక మాటుంది, దెబ్బ తగలనిదే ఆట రాదని. కబడ్డీకో, ఖోఖోకో ఆ మాట కొంతవరకు చెల్లుతుందేమో. పరుగు పందెంలో కాలు పట్టేస్తే వెనకబడతారు, అంతటితో సరి. పోల్ వాల్ట్‌లో కుంటికాలు స్థానాన్ని మార్చి ఊరుకోదు, మనిషి దిగే చోటునే మార్చేస్తుంది. నేను ఈ వారం చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

కొంచెం లెక్క చూద్దాం, ఎనిమిదో తరగతి ఫిజిక్స్ చాలు. ఈ ఆటలో ఎత్తంతా పరుగులోంచే పుడుతుంది. సెకనుకు 8 మీటర్ల వేగంతో వచ్చే కుర్రాడి పరుగు మొత్తం ఎత్తుగా మారితే సుమారు 3.27 మీటర్లు. అదే వేగం ఏడున్నరకు దిగితే 2.87. నిలుచున్న మనిషి నడుం అప్పటికే నేలకు మీటరు ఎత్తున ఉంటుంది, పైన చేతుల తోపు కలుస్తుంది, వాటి మాట వేరు. వేగం అర మీటరు తగ్గితే 40 సెంటీమీటర్లు పోయాయన్నది ముఖ్యం. బెణికిన చీలమండ అర మీటరు వేగాన్ని సులువుగా మింగేస్తుంది. పళ్ల బిగువున ఎంత నొప్పి భరించినా ఆ వేగం తిరిగి రాదు.

పోనీ ఎత్తు తగ్గితే తగ్గింది, బార్ పడుతుంది, ఇంటికి పోతారు అనుకుంటాం. అంత తేలిగ్గా పోదు. పోల్ పరుగులోని బలాన్ని తీసుకుని వంగుతుంది, ఆ బలాన్ని తిరిగిస్తూ నిటారుగా లేచి మనిషిని మ్యాట్ మీదికి దాటిస్తుంది. బలం చాలకపోతే నిటారు కాకముందే ఆగిపోతుంది. అప్పుడు మనిషి వచ్చిన దారినే వెనక్కి, రన్‌వే మీదికో, పోల్ ఆనించే 20 సెంటీమీటర్ల లోతు బాక్స్‌లోకో పడతాడు. మ్యాట్ ఎంత మెత్తగా ఉంటే ఏం లాభం, దాని మీద పడితే కదా!

పరుగు బలహీనపడిన రోజు తెలిసిన ఆటగాడు చేసే పనులు రెండు. మెత్తటి పోల్‌కు మారతాడు, లేదా పట్టు కిందికి దించుతాడు. ప్రతి పోల్ మీదా దాని పొడవు, ఎంత బరువు మనిషికి తగినదో రాసి ఉంటుంది. అమెరికా హైస్కూళ్లలో తన బరువు కంటే తక్కువ అంకె ఉన్న పోల్‌తో పిల్లల్ని దూకనివ్వరు, అది రూలు. మన దగ్గర ఉన్న కొద్ది పోల్స్‌నే నలుగురూ పంచుకుంటారు. వాటిని రైలెక్కించి తేవడమే ఒక యుద్ధం, టీసీలతో ఆ గొడవలు రాస్తే ఇంకో కాలమ్ అవుతుంది. కాబట్టి బాగున్న రోజుకీ, కుంటుతున్న రోజుకీ అదే పోల్. ఇక పట్టు దించమంటే పిల్లలకు నామోషీ.

ఈ మాటలు కోచ్‌లతో అంటే వెంటనే వచ్చే పేరు స్టీవ్ హుకర్. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 5.96తో స్వర్ణం గెలిచిన ఆస్ట్రేలియావాడు. మరుసటి ఏడాది బెర్లిన్ ప్రపంచ పోటీలు ఇంకో రెండు వారాల్లో ఉన్నాయనగా తొడ లోపలి కండరం చిరిగింది. అయినా వచ్చాడు. క్వాలిఫైయింగ్‌లో ఒక్కసారి, 5.65 దగ్గర దూకి దాటాడు. ఫైనల్లో నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ చేయించుకుని, అందరూ కింది ఎత్తులు దూకుతుంటే కూర్చుని, 5.85 దగ్గర లేచాడు. పోయింది. అదే ఎత్తును మళ్లీ ప్రయత్నించకుండా 5.90కి వెళ్లి దాటేశాడు. ఫైనల్ మొత్తంలో రెండే దూకుళ్లు, స్వర్ణం.

మహాద్భుతం, కాదనను. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకూ ఒళ్లు జలదరిస్తుంది. అయితే ఆ కథను మనవాళ్లు చెప్పే తీరే నాకు నచ్చదు. నొప్పితో దూకాడు అంటారు. నాకు కనిపించేది ఎన్నిసార్లు దూకకుండా ఉన్నాడన్నది. ఒక్కో పరుగునూ పైసా పైసా లెక్కపెట్టి ఖర్చు చేశాడు. అప్పటికి అతనికి 27 ఏళ్లు. ఏ కండరం, ఎంత మేర చిరిగిందో చెప్పే డాక్టర్లు పక్కన ఉన్నారు. పదహారేళ్ల పిల్లకు మన గ్రౌండ్‌లో పక్కన ఉండేది స్ప్రే డబ్బా, క్రేప్ బ్యాండేజీ. హుకర్ కథలో ఇంకో అధ్యాయం కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. 2011లో దేగు ప్రపంచ పోటీల్లో ఒక్క ఎత్తూ దాటలేకపోయాడు. 2012 మొదట్లో, దూకడానికి నమ్మకం చాలడం లేదని కొన్నాళ్లు పోటీల నుంచి తప్పుకున్నాడు.

నాకైతే బుబ్కా కథ ఎక్కువ ఇష్టం. సెర్గీ బుబ్కా అంతటివాడు 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌కు వెళ్లి, మడమ వెనక స్నాయువు సహకరించక ఒక్కసారి కూడా దూకకుండానే వెళ్లిపోయాడు. ప్రపంచ రికార్డుల కుప్ప వెనకేసుకున్నవాడికి అప్పటికి ఒలింపిక్ స్వర్ణం ఒక్కటే, 1988 సియోల్‌ది. ఇంకో అవకాశం వస్తుందో రాదో తెలియని వయసు. అయినా వెనుదిరిగాడు, ఆ డిసెంబరులో ఆపరేషన్ చేయించుకున్నాడు. 1997 ఆగస్టులో ఏథెన్స్‌లో 6.01 దూకి వరుసగా ఆరోసారి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ అట్లాంటా రోజును ఎవరూ వీరగాథగా చెప్పరు. దూకని రోజుకు వీడియో ఏముంటుంది?

పెద్దవాళ్ల సంగతి అలా ఉంచి, ఎదిగే ఒంటి సంగతి చూడండి. పదిహేను, పదహారేళ్లకు ఎముకల చివర పెరిగే భాగాలు చాలామందిలో ఇంకా పూర్తిగా మూసుకోవు. టేకాఫ్‌లో నడుం పదే పదే వెనక్కి విరుచుకుంటే వెన్నెముక కింది పూసల్లో సన్నటి పగుళ్లు వస్తాయి. బంతి బలంగా విసిరే కుర్ర ఫాస్ట్ బౌలర్లకు వచ్చేది ఇదే. ఎగిరే కాలి పాదంలోని చిన్న ఎముకలకూ ఇలాంటి పగుళ్లే. మామూలు ఎక్స్‌రేలో ఒక్కోసారి కనిపించవు కూడా. ఎక్స్‌రే బాగుందంటే కాలు బాగున్నట్టే అనుకుని మర్నాడే స్పైక్స్ వేయిస్తారు. నెలల విశ్రాంతితో మానేది ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

న్యూజిలాండ్ అమ్మాయి ఎలైజా మెకార్ట్నీ 2016లో రియో ఒలింపిక్స్ కాంస్యం గెలిచేనాటికి 19 ఏళ్లది. దూకిన ఎత్తు 4.80. రెండేళ్లకు 4.94 దాటింది. ఇక ఆ తర్వాత హ్యామ్‌స్ట్రింగ్, మడమ స్నాయువు, ఒకదాని వెనక ఒకటి. టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లలేకపోయింది. 2024 మార్చిలో గ్లాస్గో ప్రపంచ ఇండోర్ పోటీల్లో రజతం గెలిచి తిరిగి వచ్చింది, ఎత్తు మళ్లీ అదే 4.80. ఆ రోజు స్వర్ణం గెలిచిన ఇంగ్లండ్ అమ్మాయి మాలీ కాడరీ 2025 సెప్టెంబరులో టోక్యో ప్రపంచ పోటీలకు వచ్చి, క్వాలిఫైయింగ్‌కు ముందు వార్మప్‌లోనే చీలమండ దెబ్బతిని వీల్‌చైర్‌లో బయటికి వెళ్లింది. ఆస్ట్రియా చాంపియన్ కీరా గ్రూన్‌బెర్గ్‌కు 2015లో ఏ దెబ్బా లేదు, మామూలు ప్రాక్టీసులో ఒక దూకుడు తేడా వచ్చింది. అప్పటి నుంచి ఆమె చక్రాల కుర్చీలోనే ఉంది. అన్నీ బాగున్న రోజునే ఇంత ప్రమాదమున్న ఆటకు కుంటికాలిని జతచేస్తున్నాం మనం.

కిందటి చలికాలం ఒక మీట్. ఊరు పేరెందుకు, ఏ ఊరైనా అదే. అండర్-18 అమ్మాయిలు, బార్ 2.40 దగ్గర ఉంది. ఒకమ్మాయి మ్యాట్ పక్కన కూర్చుని ఎడమ షూ లేసు పూర్తిగా వదులు చేసి, కాలు దూర్చి, మళ్లీ బిగిస్తోంది. చీలమండ చుట్టూ క్రేప్ బ్యాండేజీ.

"ఏమ్మా, కాలు నొప్పా?"

"లేదు సార్. కొంచెం పట్టేసింది అంతే."

"ఎప్పట్నుంచి?"

"ఇప్పుడే సార్, వార్మప్‌లో."

బ్యాండేజీ అంచులు మట్టిరంగుకు తిరిగి, దారాలు లేచి ఉన్నాయి. అది ఆ పొద్దున కట్టింది కాదు. వాళ్ల కోచ్ కుర్రవాడు, గబగబా వచ్చి నా చెవి దగ్గర, "మీరేం అనకండి సార్, పిల్ల మనసు చెదిరిపోద్ది" అన్నాడు. మంచివాడే. ఉదయం నుంచి తను టిఫిన్ కూడా తినకుండా పిల్లలకు నీళ్లు మోస్తున్నాడు.

పేరు పిలిచారు. రన్‌వే పక్కన టేపు ముక్కతో పెట్టుకున్న గుర్తు దగ్గర బయల్దేరింది. చివరి మూడడుగుల్లో ఎడమ పాదం నేల మీద నిలవడానికి భయపడి త్వరగా లేచిపోతోంది. దాంతో ఆఖరి అడుగు పొడవైంది, కాలు బాక్స్ వైపు జరిగి పడింది. పోల్ సగం లేచి ఆగింది. ఒక్క క్షణం గాల్లో అక్కడే వేలాడి, పోల్ పట్టుకునే జారుతూ రన్‌వే మీదికి దిగింది, కుడి కాలి మీద. ఎడమ కాలిని గాల్లోనే ఉంచుకుంది. పట్టేసిన కాలిని ఎవరూ అంత జాగ్రత్తగా ఎత్తిపట్టుకోరు.

రిఫరీకి చెప్పి డాక్టర్‌ను పిలిపించాం. ఆయన పాదం మీద ఒకచోట బొటనవేలితో నొక్కాడు. పిల్ల అబ్బా అనలేదు, చేతిలోని గడ్డి పరక తెగిపోయింది. డాక్టర్ తల అడ్డంగా ఊపాడు. డాక్టర్ వద్దన్నాక ఇక అప్పీలు లేదు, రూలు అలాగే ఉంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. బ్యాండేజీ చుట్టుకుంటూ అడిగింది.

"పార్టిసిపేషన్ సర్టిఫికెట్ అయినా ఇస్తారా సార్?"

అసలు సంగతి ఇదీ. దూకే పిల్లలకు నొప్పి అంటే లెక్కలేదని, వయసు పొగరని మనం అనుకుంటాం. పొగరూ కాదు, మొండితనమూ కాదు. ఈ ఏడాది దాటితే అండర్-18 దాటిపోతుంది. మెడల్ సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటు, ఆ తర్వాత రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం అన్న ఆశ. తండ్రి మేస్త్రీ పనికో కూలికో పోతుంటే, ఆ ఒక్క ఆదివారం ఇంటి మొత్తానిదవుతుంది. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీకి 2025లో మోకాలి లిగమెంట్ దెబ్బతింటే టోక్యో ప్రపంచ పోటీలు వదులుకుంది. దేశానికి తెలిసిన చాంపియన్ కాబట్టి ఆమె కోసం తర్వాతి సీజన్ ఎదురుచూస్తుంది. ఈ పిల్ల కోసం ఎవరు ఎదురుచూస్తారు? అందుకే ధైర్యం గురించి, క్రమశిక్షణ గురించి మైకులో ఉపన్యాసాలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నేను చేయగలిగినవి చిన్న పనులు. పోటీకి ముందు పిల్లలందరినీ రన్‌వే దగ్గర కూర్చోబెట్టి ఒక రూలు చెబుతాను, చాలామందికి అది తెలియదు. పేరు పిలిచాక నిమిషం టైముంటుంది. పరుగు తేడాగా అనిపిస్తే మధ్యలో ఆగిపోవచ్చు. ఒళ్లు గానీ పోల్ గానీ బాక్స్ చివరి గీత దాటనంతవరకు అది ఫెయిల్ కింద రాదు, ఆ నిమిషంలోపే మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఇది విన్నాక పిల్లల భుజాలు కాస్త దిగుతాయి. పట్టు జానెడు దించడం తప్పు కాదనీ చెబుతాను. కోచ్‌లకు వేరే చెబుతాను: దూకాలా వద్దా అన్న నిర్ణయం హోటల్ గదిలో, పొద్దున్నే, కాలు చూసి మీరు చెయ్యండి, గుర్తు దగ్గర పోల్ ఎత్తుకుని నిలబడ్డ పిల్ల మీద వదిలెయ్యకండి. కొందరు వింటారు. కొందరు ఫోన్ చూసుకుంటారు.

పెద్ద పని మాత్రం నా చేతుల్లో లేదు. మొన్న అఫీషియల్స్ సమావేశంలో ఒక మాట పెట్టాను. దెబ్బ తగిలి డాక్టర్ ఆపేసిన పిల్లలకు అంతకు ముందు రెండేళ్లలో వాళ్లు దూకిన ఉత్తమ ఎత్తును లెక్కలోకి తీసుకుని కోటాకు పంపమని పైవాళ్లకు రాద్దామన్నాను. ఒకాయన నవ్వి, "అలా అయితే అందరూ డాక్టర్ చీటీలు పట్టుకొస్తారు మాస్టారూ" అన్నాడు. తేనివ్వండి, ఎవరి చీటీ నిజమో కాలు నొక్కి చూస్తే తెలిసిపోతుంది కదా అన్నాను. టీలు వచ్చాయి, చర్చ లాంగ్ జంప్ పిట్‌లో ఇసుక మీదికి మళ్లింది. వచ్చే సమావేశం అజెండాలో రాయించాను, మూడో అంశంగా.