చదువు, నైపుణ్యం, పరిచయాలు: ఖతర్ చెప్పే పాఠం

సొంత వ్యాపారం మొదలుపెట్టే మనిషికి తెలుగులో స్థిరమైన పేరు లేదు. 'పారిశ్రామికవేత్త' అనగానే కర్మాగారం గుర్తుకొస్తుంది. 'వ్యవస్థాపకుడు' అంటే ఏదో పెద్ద సంస్థకు పునాది వేసినవాడు. 'వ్యాపారి' అంటే కొట్టు పెట్టుకున్నవాడు. దోహాలో ఇద్దరు తోటివాళ్ళతో ఏసీ మరమ్మతులు చేయించే జగిత్యాల యువకుడు ఈ మూడింటిలో దేనిలోనూ ఇమడడు. ఈ పేరులేమి భాషకు మాత్రమే సంబంధించిన సమస్య కాదు. పరిశోధకులు ఎవరిని లెక్కపెడతారు, ఎవరిని వదిలేస్తారు అన్నది కూడా పేరుతోనే మొదలవుతుంది.

వ్యాపారంలోకి ఎవరు వస్తారన్న ప్రశ్నకు అర్థశాస్త్రం, సమాజశాస్త్రం ఇచ్చిన ప్రసిద్ధమైన సమాధానాలు మూడు. చదువు ఒక పెట్టుబడి అన్నది 1964లో గ్యారీ బెకర్ పుస్తకంతో స్థిరపడిన వాదం. ఒకే విద్యలో నిష్ణాతుడికంటే నాలుగు పనులు కొంతకొంత తెలిసినవాడే వ్యాపారి అవుతాడని 2004లో ఎడ్వర్డ్ లాజియర్ ప్రతిపాదించాడు. దగ్గరి బంధువులకంటే ముఖపరిచయస్తుల ద్వారానే కొత్త సమాచారం అందుతుందని 1973లో మార్క్ గ్రానొవెటర్ వాదించాడు. 1999లో మొదలైన గ్లోబల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ మానిటర్ సర్వే ఇలాంటి ఆలోచనలనే ప్రశ్నలుగా మార్చి దేశదేశాల్లో అడుగుతోంది: వ్యాపారం పెట్టడానికి కావలసిన జ్ఞానం, నైపుణ్యం మీకున్నాయా? ఈమధ్య వ్యాపారం మొదలుపెట్టినవారెవరైనా మీకు తెలుసా? ఖతర్ కూడా ఈ సర్వేలో పాల్గొంటోంది.

ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులు నైపుణ్యాన్ని కొలవవు. నైపుణ్యం ఉందన్న నమ్మకాన్ని కొలుస్తాయి. పైగా కారణమేదో, ఫలితమేదో వాటినిబట్టి తేలదు. వ్యాపారుల పరిచయంవల్ల మనిషి వ్యాపారంలోకి దిగాడా, లేక దిగినందువల్లే ఆ పరిచయాలు కలిగాయా? అంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. వ్యాపారం పెట్టే హక్కు అందరికీ ఉందనీ, తేడా అంతా మనుషుల్లోనే ఉందనీ ఈ ప్రశ్నలు ముందే ఒప్పేసుకుంటాయి.

ఖతర్‌లో ఆ ఊహ నిలవదు. అక్కడి జనాభాలో పౌరులు దాదాపు పదోవంతు మాత్రమే. విదేశీయుల్లో భారతీయులది అతిపెద్ద సమూహం. 2000 నాటి విదేశీ పెట్టుబడుల చట్టం ప్రకారం సాధారణంగా వ్యాపారంలో 51 శాతం ఖతరీ భాగస్వామికి చెందాలి. 2019లో వచ్చిన 1వ నంబరు చట్టం మంత్రిత్వశాఖ అనుమతితో చాలా రంగాల్లో నూరుశాతం విదేశీ యాజమాన్యానికి దారి తెరిచింది. ఉద్యోగం మారడానికి పాత యజమాని నిరభ్యంతర పత్రం ఇవ్వాలన్న నిబంధన 2020లో తొలగింది. 2021 మార్చిలో నెలకు వెయ్యి రియాళ్ళ కనీస వేతనం అమల్లోకి వచ్చింది. అయినా నివాస అనుమతి ఇప్పటికీ ఉద్యోగంతోనే ముడిపడి ఉంది. ఉద్యోగం వదిలితే పోయేది జీతం ఒక్కటే కాదు, ఆ దేశంలో ఉండే వీలు కూడా.

ఇలాంటిచోట చదువు రెండువైపులా పదునున్న కత్తి. ఎడ్యుకేషన్ సిటీలో కార్నెగీ మెలన్ వంటి విశ్వవిద్యాలయాల శాఖలున్నాయి. వ్యాపార శిక్షణకు 2014 నుండి ప్రత్యేక కేంద్రం కూడా నడుస్తోంది. కానీ పట్టభద్రుడైన పౌరుడికి మంచి జీతంతో ప్రభుత్వోద్యోగం ఎదురుచూస్తుంటే నష్టభయంతో కూడిన వ్యాపారం ఎందుకు? వలస ఇంజనీరుకూ ఇదే లెక్క వర్తిస్తుంది: చదువు పెరిగినకొద్దీ జీతం పెరుగుతుంది, వదులుకోవలసినదీ పెరుగుతుంది. చదువు తక్కువైన తాపీమేస్త్రీకి వదులుకునేది తక్కువే, కానీ లైసెన్సుకు కావలసిన పెట్టుబడీ పత్రాలూ అతనికి అందవు. లాజియర్ చెప్పిన నాలుగు పనులు తెలిసిన మనిషి నిజానికి ఇతనే.

పరిచయాల సంగతి మరింత జటిలం. గల్ఫ్‌లో మలయాళీలు వ్యాపారులుగా ఎదిగారని, తెలుగువారు కూలీలుగానే మిగిలారని మనలో ఒక మాట ఉంది. దోహాలో వ్యాపారసంస్థను నడిపిన సి. కె. మేనన్‌కు 2009లో పద్మశ్రీ వచ్చింది. ఇలాంటి ఉదాహరణలు చూపి అదంతా జాతిస్వభావం అనేయడం సులువు. కానీ తేడా పరిచయాలు ఎన్ని అన్నదానిలో లేదు, అవి ఎలాంటివి అన్నదానిలో ఉంది. నిజామాబాదు, కరీంనగర్ పల్లెలనుండి వెళ్ళే మనిషిని ఖతర్ చేర్చేది బంధువు, ఊరివాడు, ఉపఏజెంటు. వీసా ఇప్పించిన ఆ గొలుసుకే అతను తరచూ అప్పుపడతాడు. మొదటి జీతాలు వడ్డీకి పోతాయి. ఉద్యోగాన్ని ఇచ్చే పరిచయం వ్యాపారానికి పెట్టుబడి ఇచ్చే పరిచయం కాకపోవడమే కాదు, కొన్నిసార్లు దానికి అడ్డు కూడా. 'పరిచయాలున్నాయా?' అన్న ఒక్క ప్రశ్న ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తుంది.

అలాగని వ్యక్తి గుణాలకు విలువే లేదనడం మరో అతి. రాబర్ట్ క్లూస్టర్‌మన్, జాన్ రాత్ నెదర్లాండ్స్ వలస వ్యాపారులను పరిశీలించి, సొంత సమూహంలోని సంబంధాలనూ, దేశపు చట్టాలూ విపణీ కల్పించే అవకాశాలనూ కలిపి చూడాలన్నారు. ఖతర్‌కు సరిపోయే చట్రం అదే. 2019, 2020 సంస్కరణలు దాన్ని పరీక్షించే వీలునూ ఇచ్చాయి. అవే చదువులు, అవే పరిచయాలు ఉన్నవారిలో ఆ సంవత్సరాలకు ముందూ తరువాతా ఎవరెవరు వ్యాపారంలోకి వచ్చారో పోల్చి చూస్తే, మనిషి పాత్ర ఎంతో, చట్టం పాత్ర ఎంతో కొంతైనా తేటపడుతుంది. దోహాలో నేర్చిన పనితో ఆర్మూరులో తెరిచిన దుకాణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అది ఖతర్ గణాంకాల్లోకి రాదు, మన గణాంకాల్లో దాని మూలం కనబడదు.

హెచ్-1బీ వీసామీద ఏళ్ళతరబడి గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసే తెలుగు ఇంజనీరుకు ఈ వాదన కొత్తగా అనిపించకపోవచ్చు. చదువు, నైపుణ్యం, పరిచయాలు మూడూ ఉండి కూడా సొంత కంపెనీ ఆలోచనను అతను వాయిదా వేస్తూనే ఉంటాడు. అతన్ని ధైర్యం లేనివాడని మనం అనం. వీసా సంగతి మనకు తెలుసు గనక. దోహాలోని ఏసీ మెకానిక్కు గురించి రాసేటప్పుడూ అదే న్యాయం పాటించాలి.