మోకు జారిన తరువాత: గాయపడిన మనిషే కేంద్రంగా పునరావాస చికిత్స

వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి శస్త్రచికిత్స ప్రాణం నిలబెడుతుంది గాని, నిలిచిన ఆ ప్రాణంతో ఎలాంటి బతుకు బతకాలన్నది తరువాతి పునరావాస చికిత్స మీదే ఆధారపడి ఉంటుంది. ఆ చికిత్సలో వ్యక్తి కేంద్రిత పద్ధతి అంటే, గాయపడిన మనిషి వృత్తినీ, ఇంటినీ, కోరికనూ ముందుగా తెలుసుకొని, వాటిని బట్టి లక్ష్యాలు నిర్ణయించడం.

పూర్వపు వరంగల్ జిల్లా నుంచి ప్రధానంగా 2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో ఈ పద్ధతి అవసరం స్పష్టంగా కనిపిస్తుంది. జనగామ ప్రాంతంలో ముస్తాదు అనే సరంజామాను నడుముకు బిగించి, చెట్టునూ తననూ కలిపి చుట్టే మోకు ఆధారంగా తాడిచెట్టెక్కే కల్లు గీత కార్మికుడు జారిపడితే, వెన్నెముక విరిగి నడుము కింది భాగం చచ్చుబడే ప్రమాదం ఉంది. రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రారంభించిన ‘కాటమయ్య రక్ష’ కిట్లు కార్మికులు చెట్టు మీంచి పడకుండా కాపాడేందుకు ఉద్దేశించినవి. ఇప్పటికే పడినవారికి కావలసింది పునరావాసం.

రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు ఇలాంటి గాయమైనవారిలో అత్యధికులు ఒత్తిడి పుండ్లతో, మూత్రకోశ ఇన్ఫెక్షన్లతో మరణించేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము విభాగాన్ని చేపట్టిన లుడ్విగ్ గట్‌మన్, రోగులను క్రమం తప్పకుండా పక్కకు తిప్పించి, పనిలోనూ ఆటలలోనూ పెట్టి ఆ పరిస్థితిని మార్చారు. 1954లో కారు ప్రమాదంలో కాళ్లు చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలోనే కూర్చొని కుష్ఠురోగులకు శస్త్రచికిత్సలు చేసి, 1966లో వేలూరులో పునరావాస కేంద్రాన్ని నెలకొల్పడం, ఈ సంప్రదాయానికి మన దేశంలో గట్టి పునాది వేసింది.

దీని మెళకువలు చూడటానికి చిన్నవే అయినా ప్రాణాధారమైనవి. స్పర్శ లేని చర్మానికి నొప్పి తెలియదు గనుక, మంచాన ఉన్న మనిషిని దాదాపు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి, పిరుదుల పైభాగాన్నీ మడమలనూ రోజూ పరీక్షించి, ఎరుపు కనిపించిన చోట ఒత్తిడి పడకుండా చూడాలి. కుర్చీలో ఉన్నవారు చేతులతో ఆనుకొని శరీరాన్ని తరచుగా పైకి లేపుకోవాలి. మోకు పట్టి ఏళ్ల తరబడి చెట్లెక్కిన గీత కార్మికుడి చేతులకున్న బలం ఇక్కడ అతనికి పెద్ద ఆస్తి. కొన్ని గంటలకొకసారి శుభ్రమైన క్యాథెటర్‌తో, అంటే సన్నని గొట్టంతో, మూత్రం తీసుకోవడం అతనే నేర్చుకుంటే, మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం తగ్గుతుంది, ఇతరుల మీద ఆధారపడటమూ తగ్గుతుంది.

మెళకువలు ఒకటే అయినా లక్ష్యాలు మనిషిని బట్టి మారతాయి. చెట్టెక్కలేని గీత కార్మికుడికి తాటివనం గురించిన జ్ఞానం మిగిలే ఉంటుంది గనుక, కల్లు అమ్మకమో, గీత కార్మికుల సొసైటీ లెక్కలు రాయడమో అతని పని కావచ్చు. ఇతర గాయాల విషయంలోనూ అంతే. మహబూబాబాద్ ప్రాంతపు మిర్చి చేనులో కూలి చేసే స్త్రీ మోకాలి కింద కాలు కోల్పోతే, గొంతుక్కూర్చోవడానికీ తడినేలలో చెప్పులు లేకుండా నడవడానికీ వీలుండేలా డాక్టర్ పి.కె. సేథీ, హస్తకళా నిపుణుడు రామచంద్ర శర్మ 1968లో రూపొందించిన జైపూర్ పాదం, బూటు కోసం తయారైన కృత్రిమ పాదం కంటే ఆమెకు ఎక్కువ ఉపయోగపడుతుంది. భూపాలపల్లి బొగ్గు గనిలో గాయపడి వైద్యపరంగా అనర్హుడైన సింగరేణి కార్మికుడి వారసుడికి కారుణ్య నియామకం దొరికితే ఇల్లు గడుస్తుంది. కాని అనుభవజ్ఞుడైన ఆ కార్మికుడు ఇకమీదట తన రోజును దేనితో నింపుకోవాలన్న ప్రశ్న అలాగే ఉంటుంది, దాన్ని అతనినే అడగాలి.

అడగవలసింది అతని తరఫున మాట్లాడే అన్ననో కొడుకునో కాదు. ఇంట్లో సేవచేసే భార్య నడుమునొప్పినీ, పోయిన ఆమె కూలినీ కూడా ప్రణాళికలో చేర్చాలి. గడప ఎత్తునూ, మరుగుదొడ్డి తలుపు వెడల్పునూ ఇంటికి వెళ్లి కొలవాలి.

21 రకాల వైకల్యాలను గుర్తించిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, సమాజంలో కలిసి జీవించడాన్ని హక్కుగా ప్రకటించింది. ఆ హక్కు పల్లెకు చేరాలంటే ఫిజియోథెరపిస్టు, కృత్రిమ అవయవాల నిపుణుడు, ఇదే గాయాన్ని దాటి వచ్చిన తోటి మనిషి జిల్లా ఆసుపత్రిలోనే అందుబాటులో ఉండాలి. పింఛను ఆకలిని తీర్చగలదు గాని, తన రోజు ఎలా గడవాలో తానే నిర్ణయించుకొనే స్థితిని మనిషికి తిరిగి ఇచ్చేది పునరావాసమే. అది దయగా గాక వైద్యంలో భాగంగానే అందాలి.